ఉదయం తొమ్మిది నుంచి అర్ధరాత్రి దాకా: 1950 నాటి బీబీసీ లైట్ ప్రోగ్రామ్

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన బ్రిటిష్ రేడియో పట్టికలను ఇవాళ చదివేవారికి మొదట ఒక సందేహం వస్తుంది. ఇన్ని బ్యాండు మేళాలు దేనికి? గంటకో వాద్యబృందం, పూటకో ఆర్కెస్ట్రా, అవీ చాలావరకు అప్పటికప్పుడు స్టూడియోలో వాయిస్తున్నవే. గ్రామఫోన్ రికార్డులు అప్పటికే ఇంటింటా ఉన్నాయి. రికార్డు పెట్టి పాట వేస్తే ఖర్చూ తగ్గేది, శ్రమా తగ్గేది. అయినా అలా చేయలేదు. కారణం శ్రోతల అభిరుచి మాత్రమే కాదు. ఆనాటి వినోద ప్రసారాల్లో ప్రతి అరగంట వెనుకా ఒక లెక్క ఉంది. ఆ వేళకు ఇంట్లో ఎవరున్నారు, ఫ్యాక్టరీలో ఎవరున్నారు, రికార్డు వేసే హక్కు ఎంత మిగిలింది, ఏ మాట అనకూడదు, ఏ తరంగం ఎంత దూరం పోతుంది అన్నవన్నీ కలిస్తేనే ఆ పట్టిక. 1950 ప్రాంతపు ఒక పనిదినాన్ని వరసగా చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది.

ముందు ఎన్ని స్టేషన్లు ఉండేవో చెప్పుకోవాలి. బ్రిటన్‌లో ప్రసారహక్కు బీబీసీ ఒక్కదానిదే. ప్రకటనలు లేవు. శ్రోతలు పోస్టాఫీసులో కొనే లైసెన్సు సొమ్ముతోనే నడిచేది. 1922 నుంచి ఏడాదికి పది షిల్లింగులుగా ఉన్న ఆ రుసుము 1946 జూన్ 1 నుంచి ఒక పౌండు అయింది. ఆ సొమ్ముతో మూడు సేవలు నడిచేవి. హోమ్ సర్వీస్ వార్తలకు, ప్రసంగాలకు, నాటకాలకు, ప్రాంతీయ కార్యక్రమాలకు. 1946 సెప్టెంబరు 29న మొదలైన థర్డ్ ప్రోగ్రామ్ గంభీరమైన సంగీత సాహిత్యాలకు, అదీ సాయంత్రాలు మాత్రమే. లైట్ ప్రోగ్రామ్ వినోదానికి. యుద్ధకాలంలో సైనికుల కోసం నడిపిన ప్రసారాల స్థానంలో 1945 జూలై 29న దీన్ని ప్రారంభించారు. ఉదయం తొమ్మిదికి మొదలై అర్ధరాత్రికి ముగిసేది. హోమ్ సర్వీస్ మాత్రం తెల్లవారుతూనే ఆరున్నరకు మేలుకునేది. అంటే పనికి పోయేవాళ్ల ఉదయం హోమ్ సర్వీస్‌ది, వాళ్లు గడప దాటాక ఇంట్లో మిగిలినవాళ్ల ఉదయం లైట్ ప్రోగ్రామ్‌ది.

లైట్ ప్రోగ్రామ్ ప్రధానంగా డ్రాయిట్‌విచ్ ట్రాన్స్‌మిటర్ నుంచి 1500 మీటర్ల లాంగ్ వేవ్ మీద వచ్చేది. లాంగ్ వేవ్ నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పోతుంది కనుక పగలూ రాత్రీ దాదాపు ఒకేలా వినిపించేది. లాంగ్ వేవ్ సరిగా అందని నగరాల కోసం చిన్న ట్రాన్స్‌మిటర్లతో మీడియం వేవ్ మీద కూడా ఇచ్చేవారు. 1950 మార్చి 15న యూరప్ దేశాలన్నీ కోపెన్‌హేగన్ ఒప్పందం ప్రకారం మీడియం వేవ్ స్థానాలు మార్చుకున్నాయి. లైట్ ప్రోగ్రామ్ 261 మీటర్ల నుంచి 247కు, లండన్ హోమ్ సర్వీస్ 342 నుంచి 330కి, థర్డ్ 514 నుంచి 464కు జరిగాయి. రేడియో గాజు పలక మీద అచ్చయిన పేర్లు మాత్రం పాతచోటే ఉండిపోయాయి. పేరు దగ్గర ముల్లు పెడితే స్టేషన్ పలకదు, కాస్త పక్కకు తిప్పితే పలుకుతుంది. లాంగ్ వేవ్ మీద 1500 మారలేదు కనుక దాన్ని నమ్ముకున్నవాళ్లకు ఈ తంటా లేకపోయింది.

కరెంటు లేని ఇళ్లు, ముఖ్యంగా పల్లెల్లో, ఇంకా చాలా ఉండేవి. వాటిలోని వాల్వు సెట్టుకు రెండు రకాల శక్తి కావాలి. వాల్వులోని సన్నని తీగ వేడెక్కడానికి 2 వోల్టుల లెడ్ యాసిడ్ అక్యుములేటర్ ఒకటి. ధ్వనిని పెంచే వలయానికి 90 లేదా 120 వోల్టుల డ్రై బ్యాటరీ ఇంకొకటి. పిడి ఉన్న గాజు జాడీలా కనిపించే అక్యుములేటర్‌ను రేడియో దుకాణానికో సైకిల్ షాపుకో గ్యారేజికో మోసుకెళ్లి చార్జింగ్ చేయించేవారు. ఒకటి ఇంట్లో ఉంటే ఒకటి దుకాణంలో ఉండేలా రెండు పెట్టుకోవడం తెలివైన పద్ధతి. అడుగంటిన అక్యుములేటర్‌ను అలాగే వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ తర్వాత చార్జింగ్ నిలవదు. పెద్ద బ్యాటరీ నీరసిస్తే మాట సన్నగిల్లి, గరగరలాడుతుంది. అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు తీగలు తారుమారు చేయడం. 120 వోల్టులు పొరపాటున 2 వోల్టుల వైపు తగిలాయంటే వాల్వులన్నీ ఒక్క క్షణంలో మాడిపోతాయి. ఇలాంటి ఇళ్లలో రేడియో రోజంతా మోగేది కాదు. ఏది వినాలో ముందే రేడియో టైమ్స్ పత్రికలో గుర్తు పెట్టుకుని, ఆ వేళకే మీట తిప్పేవారు. 1950ల మధ్యకు ఆ పత్రిక 80 లక్షల ప్రతులు దాటి అమ్ముడైందంటే ఆ అవసరం ఎంతటిదో తెలుస్తుంది.

ఉదయం 9:10కి హౌస్‌వైవ్స్ చాయిస్. 1946లో మొదలైన ఈ కార్యక్రమంలో గృహిణులు పోస్టుకార్డు మీద కోరిన పాటలు వేసేవారు. సమర్పకులు తరచూ మారుతుండేవారు. వాళ్లలో జార్జ్ ఎల్రిక్ అనే స్కాట్లండ్ గాయకుడు ముగింపు సంగీతంతో తానూ గొంతు కలిపి పాడటం శ్రోతలకు బాగా గుర్తుండిపోయింది. పేరు, ఊరు, ఎవరి కోసం పాట అన్న వివరాలు చదివి పాట వేయడం మన కోరిన పాటల కార్యక్రమాల్లాగే ఉండేది. తేడా ఒకటే. ఆ రోజు మొత్తంలో రికార్డులు ధారాళంగా వాడుకున్న కొద్ది సమయాల్లో ఇది ఒకటి.

మొదటి సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. 1934లో బ్రిస్టల్‌లోని ఒక కాఫీ రెస్టారెంటు మీద గ్రామఫోన్ కంపెనీ దావా వేసి గెలిచింది. తాము కొనుక్కున్న రికార్డునే అయినా, పదిమందికీ వినిపించాలంటే తయారీదారు అనుమతి కావాలని కోర్టు చెప్పింది. ఆ ఏడాదే ఈఎంఐ, డెక్కా అనే రికార్డు కంపెనీలు కలిసి ఫోనోగ్రాఫిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్ అనే సంస్థను పెట్టి ఆ అనుమతుల బాధ్యత దానికి అప్పగించాయి. రేడియోలో రికార్డు ఉచితంగా వినిపిస్తే జనం కొనరని కంపెనీల భయం. రికార్డు వేసిన ప్రతి అరగంటా ఒక బ్యాండుకు పని పోతుందని సంగీతకారుల సంఘం భయం. రెండు భయాలూ ఒకచోట కలిసి, బీబీసీ వారానికి ఇన్ని గంటలే రికార్డులు వేయాలన్న పరిమితి వచ్చింది. రికార్డు మీద సూది ఆనే సమయం కనుక దీన్ని నీడిల్ టైమ్ అనేవారు. మొత్తం సేవలకు కలిపి ఇచ్చిన ఈ కోటాలోనే సినిమా పాటలు, శాస్త్రీయ సంగీతం, కోరిన పాటలు, గ్రామఫోన్ మీద ప్రసంగాలు అన్నీ సర్దుకోవాలి. ఉదయం హౌస్‌వైవ్స్ చాయిస్‌కు కొంత పోతే, మిగతా రోజుకు మనుషులే వాయించాలి. అందుకే అన్ని బ్యాండులు, అన్ని ఆర్కెస్ట్రాలు. వేలమంది వాద్యకారులకు దొరికిన జీవనోపాధి ఇందులోంచే వచ్చింది. ఈ పరిమితి లేకపోతే బ్రిటిష్ లైట్ మ్యూజిక్ అనే తేలికపాటి వాద్యసంగీత శాఖ అంత బలంగా ఎదిగేది కాదని నా అభిప్రాయం.

ఆ శాఖకు పెద్ద ఆశ్రయం పదిన్నరకు వచ్చే మ్యూజిక్ వైల్ యూ వర్క్. 1940 జూన్ 23న, యుద్ధసామగ్రి తయారయ్యే ఫ్యాక్టరీల కోసం మొదలైంది. ఉదయం ఒక అరగంట, మధ్యాహ్నం మూడున్నర దాటాక మరో అరగంట. పనిలో విసుగు పుట్టే వేళలు ఏవో చూసి పెట్టిన సమయాలు అవి. వారంలో ఐదు రోజులు లెక్కేసినా ఐదు గంటల సంగీతం సూది అవసరం లేకుండానే నిండేది.

దీని నియమాలు చూడండి. యంత్రాల హోరులో లౌడ్‌స్పీకర్ల గుండా వినిపించాలి కనుక ధ్వని ఒకే స్థాయిలో సాగాలి. మెల్లని భాగం వస్తే ఫ్యాక్టరీలో ఏమీ వినపడదు, ఒక్కసారిగా పెద్దదైతే స్పీకర్లు బీటలు వారినట్టు మోగుతాయి. రాగం స్పష్టంగా, అందరికీ తెలిసినదై ఉండాలి. నిద్ర తెప్పించే నెమ్మది వాల్ట్జ్‌లు వద్దు. తాళం తప్పుదారి పట్టించే గజిబిజి జాజ్ వద్దు. డ్రమ్ము అంచు మీద కర్రతో కొట్టే దెబ్బ తుపాకీ పేలినట్టు వినిపిస్తుంది కనుక అదీ వద్దు. గానం దాదాపు లేదు. మాటలు వింటే చేయి ఆగుతుంది. పాటకూ పాటకూ మధ్య పరిచయపు మాటలు లేకుండా అరగంటా సాగిపోవాలి. మధ్యలో చప్పట్లు వచ్చే ఒక అమెరికన్ పాటను ప్రత్యేకంగా నిషేధించారు. ఆ చోటు రాగానే కార్మికులు చేతిలోని పనిముట్లతో బల్లల మీద, తయారవుతున్న సరుకు మీద దబదబ మోదేవారట. బ్యాండు మాస్టర్ ఈ షరతులన్నిటికీ లోబడి పాటలు ఎంచి, నిమిషాలు లెక్కవేసి, రిహార్సల్ చేసి, లైవ్‌లో సరిగ్గా అరగంటకు ముగించాలి. వినడానికి తేలికైన సంగీతం, వాయించడానికి మాత్రం కాదు.

పదకొండుకు మిసెస్ డేల్స్ డైరీ పునఃప్రసారం. 1948 జనవరి 5న మొదలైన ఈ ధారావాహికలో ఒక డాక్టర్ గారి భార్య తన దినచర్యను చెప్పుకుంటుంది. లండన్ శివారులోని పార్క్‌వుడ్ హిల్ అనే ఊహా పట్టణం, భర్త జిమ్, పిల్లలు, ఇంటి పనిమనిషి, తల్లి మిసెస్ ఫ్రీమన్. "జిమ్ గురించి కాస్త బెంగగా ఉంది" అన్న ధోరణి మాట నవ్వుకోవడానికి దేశమంతా వాడుకుంది. కొత్త భాగం సాయంత్రం నాలుగుకు వచ్చేది, అదే మర్నాడు పదకొండుకు మళ్లీ. సాయంత్రం బడి నుంచి పిల్లల్ని తెచ్చుకునే తల్లి తప్పిపోతే ఉదయం వింటుంది, ఉదయం బజారుకు పోయినామె సాయంత్రమే వినేసి ఉంటుంది. రేషన్ కార్డులతో క్యూలలో నిలబడాల్సిన కాలం అది. మాంసం రేషన్ 1954 దాకా పోలేదు. పునఃప్రసారం ఆ క్యూలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు.

మధ్యాహ్న భోజన వేళ వినోదం హోమ్ సర్వీస్‌లో దొరికేది. వర్కర్స్ ప్లేటైమ్ అనే కార్యక్రమాన్ని వారంలో మూడుసార్లు ఏదో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ నుంచే, అక్కడ తింటున్నవాళ్ల ముందే, ఇద్దరు ముగ్గురు హాస్యగాళ్లు, ఒక గాయని, రెండు పియానోలతో ప్రసారం చేసేవారు.

1950 జనవరి 16 నుంచి 1:45కి లిజన్ విత్ మదర్ వచ్చింది. ఐదేళ్లలోపు పిల్లలకు పదిహేను నిమిషాలు, ఒక కథ, కొన్ని పాటలు. "సర్దుకుని కూర్చున్నారా? అయితే మొదలుపెడతాను" అన్న మాటతో కథ మొదలయ్యేది. ఫ్రెంచి స్వరకర్త ఫోరే రాసిన జోలపాట దీని ముగింపు సంగీతం. సమయం ఎంపిక గమనించదగ్గది. భోజనమై, పసివాడు నిద్రకు వాలే వేళ అది. వాడు పడుకోగానే రెండు గంటలకు తల్లికి ఉమన్స్ అవర్. 1946 అక్టోబరు 7న మొదలైన ఈ గంటకు తొలి సమర్పకుడు అలన్ ఐవిమీ అనే మగవాడు కావడం ఇప్పుడు వింతగా తోస్తుంది. వంట, కుట్టుపనితో మొదలైనా, చట్టం, ఆరోగ్యం, ఆడవాళ్ల ఉద్యోగాలు త్వరలోనే ఆ గంటలోకి వచ్చాయి. చివరి పావుగంట సీరియల్ పఠనం.

ఐదుకు బడిపిల్లల కోసం హోమ్ సర్వీస్‌లో చిల్డ్రన్స్ అవర్. 6:45కు మాత్రం పిల్లలూ పెద్దలూ లైట్ ప్రోగ్రామ్‌కు మారేవారు. అది డిక్ బార్టన్ వేళ. మాజీ కమాండో ఒకడు, స్నోయీ, జాక్ అనే ఇద్దరు మిత్రులతో కలిసి నేరగాళ్లను వేటాడే పదిహేను నిమిషాల ధారావాహిక. 1946 అక్టోబరు 7న, అంటే ఉమన్స్ అవర్ మొదలైన రోజునే, ఇదీ మొదలైంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రతి భాగం ఏదో ఒక గండంలో ఆగుతుంది. చార్లెస్ విలియమ్స్ కూర్చిన డెవిల్స్ గ్యాలప్ అనే పరుగు సంగీతం ఆ గండాన్ని మోసుకుని పోతుంది. శ్రోతలు ఒక దశలో కోటిన్నరకు చేరారు. పెద్దల కోసం రాసిన సీరియల్‌ను పిల్లలు హోంవర్కు మానేసి వింటున్నారని ఫిర్యాదులు రావడంతో రచయితలకు నియమాలు పెట్టారు. బార్టన్ తాగకూడదు, అబద్ధమాడకూడదు, బూతు అనకూడదు. శాంతియుత మార్గం విఫలమైతేనే చేయి చేసుకోవాలి, అదీ దవడ మీద శుభ్రమైన ఒక గుద్దు మాత్రమే. ప్రేమ వ్యవహారం కూడా కథ నుంచి తప్పుకుంది.

ఈ నియమాలు సాహసగాథ ఊపిరి కొంత తీసేశాయి. 711 భాగాల తర్వాత 1951 మార్చి 30న బార్టన్ ముగిసి, 6:45 వేళ ది ఆర్చర్స్‌కు దక్కింది. దేశవ్యాప్తంగా 1951 జనవరి 1న మొదలై అప్పటిదాకా ఉదయం పూట వస్తున్న ఈ పల్లె ధారావాహిక వ్యవసాయ శాఖ సహకారంతో తయారయ్యేది. ఆహార కొరత తీరని ఆ రోజుల్లో చిన్న రైతులకు కొత్త పద్ధతులు కథలో కలిపి చెప్పాలని గాడ్‌ఫ్రీ బేస్లీ చేసిన ఆలోచన. ఎరువుల మోతాదు, పశువుల రోగాలు, పాలదిగుబడి పాత్రల కబుర్లలోకి వచ్చేవి. తొలి రచయితలు ఎడ్వర్డ్ మేసన్, జెఫ్రీ వెబ్ ఇద్దరూ డిక్ బార్టన్ రాసినవాళ్లే. రేపటి కోసం శ్రోతను ఆపే నేర్పు తుపాకుల కథ నుంచి ఆవుల కథలోకి నేరుగా వచ్చింది. ఆ పునాది ఎంత గట్టిదంటే ఆర్చర్స్ ఈనాటికీ నడుస్తోంది.

రాత్రి ఏడు దాటాక హాస్యం. యుద్ధకాలంలో దేశాన్ని నవ్వించిన ఇట్మా 1949 జనవరిలో దాని ప్రధాన నటుడు టామీ హ్యాండ్లీ మరణంతో ఆగిపోయింది. ఆయన స్థానంలో మరొకరిని పెట్టే ప్రయత్నమే చేయలేదు. తర్వాతి తరం అప్పటికే సిద్ధంగా ఉంది. ఫ్రాంక్ ముయిర్, డెనిస్ నార్డెన్ రాసిన టేక్ ఇట్ ఫ్రమ్ హియర్ 1948లో మొదలైంది. పెదవులు కదపకుండా చేతిలోని బొమ్మే మాట్లాడుతున్నట్టు చేసే వినోదాన్ని (వెంట్రిలాక్విజం) రేడియోకు తెచ్చిన ఎడ్యుకేటింగ్ ఆర్చీ 1950లో వచ్చింది. పెదవులు కదలకపోవడమనే నైపుణ్యం కంటికి కనపడని మాధ్యమంలో బొమ్మ ఎందుకని చాలామంది అడుగుతారు. శ్రోతకు ఆర్చీ బొమ్మ కాదు, అల్లరి పిల్లవాడు. బొమ్మను మాట్లాడించే పీటర్ బ్రఫ్ గొంతు, చుట్టూ ఉన్న నటుల స్పందన కలిసి ఆ పిల్లవాణ్ణి నిజం చేశాయి. 1951 మే 28న మొదలైన గూన్ షో అర్థంలేని మాటలు, వింత శబ్దాలతో ఇంకో దారి తొక్కింది. ప్రధాన రచయిత స్పైక్ మిలిగన్ మన అహ్మద్‌నగర్‌లో పుట్టి, బాల్యం భారతదేశంలోనూ బర్మాలోనూ గడిపినవాడు.

ఈ కార్యక్రమాలు లండన్‌లోని చిన్న థియేటర్లలో, ఉచిత టికెట్టు మీద వచ్చిన ప్రేక్షకుల ముందు జరిగేవి. అప్పటి రిబ్బన్ మైకు ముందూ వెనకా వింటుంది, పక్కలకు దాదాపు చెవిటిది. అందుకే నటులు మైకుకు ఇరువైపులా ఎదురెదురుగా నిలబడి చదవగలరు. దూరంగా వెళ్లిపోతున్నట్టు వినిపించాలంటే పక్కకు ఒక అడుగు వేస్తే చాలు. వేదిక మీద మరో మూల కంకర పళ్లెం, చట్రంలో బిగించిన తలుపు, గుర్రపు డెక్కలకు కొబ్బరి చిప్పలు. రైలు, తుఫాను లాంటివి రికార్డుల మీద ఉండేవి. సరైన గాడి ఎక్కడో డిస్కు మీద పసుపు రంగు మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టి, మాట చివరి అక్షరానికి సూది దించేవారు. అర సెకను ఆలస్యమైతే జోకు చచ్చిపోతుంది. డిస్కు మీద చేసిన రికార్డింగును కత్తిరించి అతికించడం కుదరదు కనుక అరగంటనూ ఏకబిగిన సరిగ్గా ఆడాల్సిందే. మాగ్నెటిక్ టేపు వాడకం పెరిగాక ఈ ఇబ్బంది తీరింది. గూన్ షో శబ్దాల పిచ్చి పెరగడానికి టేపు ఒక కారణం.

నవ్వులకూ హద్దులున్నాయి. 1949లో వెరైటీ విభాగాధిపతి మైకేల్ స్టాండింగ్ రచయితలకూ నిర్మాతలకూ ఒక చిన్న నియమావళి తయారు చేయించారు. గ్రీన్ బుక్ అని పిలిచేవారు. మరుగుదొడ్ల మీద, ఆడంగితనం మీద జోకులు పూర్తిగా నిషిద్ధం. కొత్త దంపతులు, హోటల్ పనిమనుషులు, ఆడవాళ్ల లోదుస్తులు, కుందేళ్ల సంతానం, ఊరూరా తిరిగే సేల్స్‌మన్లు, ఇంట్లో అద్దెకుండేవాళ్లు, వీటిలో ఏదైనా ద్వంద్వార్థంతో రాకూడదు. దేవుడి పేరుతో ఊతపదాలు వద్దు. ఫలితం ఊహించవచ్చు. రచయితలు అర్థంలేని మాటల్లోకి, వింత గొంతుల్లోకి, పదే పదే వచ్చే ఊతమాటల్లోకి నవ్వును మళ్లించారు. ఒక పాత్ర ప్రవేశించి తన పాత వాక్యం అనగానే ప్రేక్షకులు పగలబడి నవ్వడం ఆ కాలపు హాస్యం ముద్ర. అది రచయితల సోమరితనం కాదు. కంటికి కనిపించని చోట ఎవరు వచ్చారో చెప్పడానికి అంతకన్నా వేగమైన మార్గం లేదు.

విల్‌ఫ్రెడ్ పికిల్స్ ఊరూరా హాళ్లకు వెళ్లి మామూలు మనుషులతో మాట్లాడించిన హ్యావ్ ఎ గో, 1947లో మొదలైన ట్వెంటీ క్వశ్చన్స్ కూడా ఈ రాత్రి వేళలవే. పదకొండుకు బుక్ ఎట్ బెడ్‌టైమ్, పావుగంట నవలాపఠనం. అర్ధరాత్రికి లైట్ ప్రోగ్రామ్ మూత.

అయితే కుర్రకారు అప్పటికే ముల్లు తిప్పేసి ఉండేవారు, మీడియం వేవ్ మీద రేడియో లక్సెంబర్గ్ వైపు. 1951 జూలై నుంచి అది 208 మీటర్ల మీద ఇంగ్లిష్‌లో ప్రసారం చేసింది. ప్రకటనలతో నడిచే ఆ స్టేషన్ బ్రిటన్ గడ్డ మీద లేదు, కనుక బీబీసీ గుత్తాధిపత్యం దానికి వర్తించదు. ఆదివారం రాత్రి పదకొండుకు టాప్ ట్వంటీ అంటే యువతకు పండుగే. పగలు మాత్రం అది వినపడదు. పగటిపూట వాతావరణంలోని అయనావరణపు కింది పొర మీడియం తరంగాలను పీల్చేస్తుంది. చీకటి పడ్డాక ఆ పొర కరిగిపోయి, పైపొర మీద తగిలి తరంగాలు వందల మైళ్ల అవతల దిగుతాయి. ఆ పైపొర నిలకడగా ఉండదు. అందుకే పాట మధ్యలో మునిగిపోయి మళ్లీ తేలేది. సరిగ్గా ఇలాంటి కథే మన దగ్గరా జరిగింది. 1950ల మొదట్లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టడంతో శ్రోతలు రేడియో సిలోన్‌కు మళ్లారు. దానికి జవాబుగా 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చింది. బీబీసీ జవాబు మాత్రం ఇంకో పదేళ్లు పట్టింది. 1967 సెప్టెంబరు 30న లైట్ ప్రోగ్రామ్‌ను రేడియో 1, రేడియో 2గా విడగొట్టారు. నీడిల్ టైమ్ పరిమితి 1988 దాకా కొనసాగింది.

ఆ రోజుల శబ్దం వినాలనుకునేవారికి ఒక హెచ్చరిక. లైవ్‌లో పోయినవాటిలో చాలా భాగం అసలు రికార్డు కాలేదు. డిస్కుల ఖర్చు వల్ల రికార్డు చేసినవీ అన్నీ దాచలేదు. ఇవాళ దొరికే హాస్య కార్యక్రమాల్లో ఎక్కువ భాగం విదేశీ స్టేషన్లకు అమ్మడానికి బీబీసీ ట్రాన్స్‌క్రిప్షన్ సర్వీస్ ముద్రించిన డిస్కుల నుంచి వచ్చినవి. అమ్మకం కోసం చేసిన ఆ ప్రతుల్లో బ్రిటన్ బయట అర్థంకాని సమకాలీన ప్రస్తావనలను కోసేసేవారు. కనుక గూన్ షో భాగం ఏదైనా నిడివి తక్కువగా ఉన్నా, ఒక నవ్వు ఉన్నట్టుండి తెగిపోయినా తప్పు మీ దగ్గరున్న ఫైలుది కాకపోవచ్చు. అదే భాగం వేరే ప్రతి దొరికితే పోల్చి వినండి. పోయిన జోకు సాధారణంగా ఆ వారం పార్లమెంటు గురించో, రేషన్ గురించో అయి ఉంటుంది.